క్యాటరాక్ట్‌లో పిల్లి ఉందా?

ప్రశ్న: మా కోచింగ్ సార్ ఇంగ్లీషు మాటలకి ఒక కిటుకు చెప్పారు. మొదటి మూడు నాలుగు అక్షరాలు చూస్తే చాలు, అర్థం తెలిసిపోతుందట. 'పెడ్' అంటే పాదం అని రాసుకున్నాను. మాక్ టెస్టులో పీడియాట్రీషియన్ వస్తే 'పాదాల డాక్టర్' దగ్గర టిక్ పెట్టాను. మార్కు పోయింది, పైగా క్లాసంతా నవ్వారు. తప్పు నాదా, సార్‌దా?
(డిగ్రీ విద్యార్థిని, నల్గొండ)

జవాబు: సగం సార్‌ది, సగం ఇంగ్లీషు స్పెల్లింగ్‌ది. నీ తప్పేం లేదమ్మా. సార్ చెప్పింది అబద్ధమూ కాదు. సైకిల్ పెడల్, రోడ్డు దాటే పెడెస్ట్రియన్, బ్యూటీ పార్లర్లో చేసే పెడిక్యూర్, ఆఖరికి మీ హాస్టల్లో కాలి మీద నిలబడి తిరిగే పెడెస్టల్ ఫ్యాన్, అన్నింట్లోనూ ఉన్నది లాటిన్ పాదమే. మన సంస్కృతం 'పాద', లాటిన్ 'పెడ్' ఒకే వంశం మాటలు కాబట్టి, ఆ పోలిక నువ్వు ఇంగ్లీషు రాకపోయినా పట్టేయగలవు.

చిక్కంతా గ్రీకు వాళ్ళతో వచ్చింది. వాళ్ళకి పిల్లవాడు 'పైస్', 'పిల్లవాడి' అనాలంటే 'పైడోస్'. పీడియాట్రీషియన్, అంటే పిల్లల డాక్టర్, అక్కడినుంచి వచ్చాడు. బ్రిటిష్ వాళ్ళు ఇప్పటికీ ఈ మాటని పీ, ఏ, ఈ, డీ అని రాస్తారు, అందులో ఆ 'ఏ' ఉందంటే పిల్లలన్నమాట. అమెరికా వాళ్ళు పొదుపు కోసం ఆ ఒక్క అక్షరం పీకేసరికి పాదాలూ పిల్లలూ ఒకేలా కనపడటం మొదలైంది. ఇంకో గుర్తు కావాలంటే మాట చివర చూడు. 'ఇయాట్రోస్' అంటే గ్రీకులో వైద్యుడు, సైకియాట్రిస్ట్‌లో ఉన్నదీ అదే తోక. నువ్వు రేపు టెట్ రాస్తే శిశు వికాసంతో పాటు పెడగాజీ అని ఒక సబ్జెక్టు తగులుతుంది, అందులోనూ పిల్లవాడే ఉన్నాడు. పాత గ్రీసులో అబ్బాయిని చెయ్యి పట్టుకుని బడి దాకా దింపే బానిసని పైడగోగోస్ అనేవాళ్ళు. మన పంతుళ్ళ శాస్త్రానికి పంతులు పేరు కాకుండా ఆ దింపిన మనిషి పేరు రావడం నాకెప్పుడూ తమాషాగానే ఉంటుంది.

అన్నట్టు, కుక్కల వాళ్ళు గొప్పగా చెప్పుకునే పెడిగ్రీలో మళ్ళీ పాదమే. పాత ఫ్రెంచిలో 'కొంగ కాలు' అని దాని అర్థం. వంశవృక్షం గీసినప్పుడు ఒక గీత కిందికి వచ్చి మూడుగా చీలుతుంది కదా, అది కొంగ అడుగులా కనపడిందట.

ప్రశ్న: మా ఆవిడకి క్యాటరాక్ట్ ఆపరేషన్ చేయించాం. ఎల్‌కేజీ చదువుతున్న మనవరాలు 'క్యాట్ అంటే పిల్లి కదా తాతా, నాన్నమ్మ కంట్లో పిల్లి ఉందా' అని అడిగింది. ఏం చెప్పాలో తోచక బిస్కెట్ ఇచ్చాను.
(రిటైర్డ్ ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం)

జవాబు: మాస్టారూ, పిల్లికళ్ళు అనే మాట మనకి ఉండనే ఉంది కాబట్టి పాప లాజిక్కి వంక పెట్టలేం. కానీ ఇది పిల్లి కాదు, గ్రీకు 'కటా', అంటే కిందికి. క్యాటరాక్ట్‌కి మొదటి అర్థం పైనుంచి దభాలున దూకే నీరు, జలపాతం. ఈజిప్టులో నైలు నది మీద ఆస్వాన్ దగ్గర రాళ్ళ మధ్య నీళ్ళు ఉరకలేసే చోటుని ఇప్పటికీ క్యాటరాక్ట్ అనే అంటారు. కోటగుమ్మానికి అడ్డంగా కిందికి దించే ఇనప చట్రానికీ అదే పేరు ఉండేది, చూపుకి అలాగే అడ్డం దిగింది కాబట్టి కంటి జబ్బుకి ఆ పేరు వచ్చిందని చెబుతారు. మనవాళ్ళు పొర కమ్మింది అనలేదూ, అదే ఊహ. లోపలికి దింపే గొట్టం క్యాథెటర్‌లోనూ ఈ 'కటా'నే ఉంది.

నిజం పిల్లి ఎక్కడుందంటే క్యాటర్‌పిల్లర్‌లో. పాత ఫ్రెంచిలో 'బొచ్చు పిల్లి' అనే మాటనుంచి వచ్చిందంటారు. అదే పురుగుని చూసి మనవాళ్ళకి గొంగళి గుర్తొచ్చింది, గొంగళిపురుగు అన్నారు. పాపకి ఈ సంగతి చెప్పండి, బిస్కెట్ కంటే ఎక్కువసేపు పనిచేస్తుంది.

మీ జిల్లా పేరు చూశాక ఇంకో రెండు చెప్పకుండా ఉండలేను. క్యాటమరాన్ మన పక్కింటి మాటే, తమిళంలో కట్టుమరం, కట్టిన దుంగలు. మీ తీరంలో తెప్ప అంటారే, అదే. ఇక క్యాటిల్: ఇది క్యాపిటల్‌కి తోబుట్టువు, మొదట్లో ఆస్తి అని అర్థం, తర్వాత పశువులకి స్థిరపడింది. మీ వైపు పశువుల్ని 'సొమ్ములు' అంటారు చూడండి, ఇంగ్లీషు వాడూ సరిగ్గా ఆ దారినే నడిచాడు.

ప్రశ్న: పెట్రోల్ ట్యాంకర్ వెనక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంటుంది. 'ఇన్' అంటే కాదు అని కదా, అంటే అంటుకోదనా?
(లారీ డ్రైవర్, కోదాడ)

జవాబు: బాబూ, దయచేసి ఆ పక్కన బీడీ వెలిగించకు. ఇక్కడ 'ఇన్' అంటే లోపలికి, మంట లోపలికి వెళ్ళి భగ్గుమంటుందని. ఈ గందరగోళం వల్లే అమెరికాలో 1920ల నుంచి అగ్నిప్రమాదాల నివారణ వాళ్ళు ముందున్న 'ఇన్' తీసేసి ఉత్త 'ఫ్లేమబుల్' రాయండని పట్టుబట్టారు. రెండింటికీ ఒకటే అర్థం. అంటుకోనిదానికి ముందు 'నాన్' ఉంటుంది.

ప్రశ్న: యాంటీ అంటే వ్యతిరేకం కదా, గర్భిణుల వార్డుకి యాంటీనేటల్ అని పేరేంటి?
(గృహిణి, ఏలూరు)

జవాబు: అది 'యాంటీ' కాదమ్మా, 'యాంటె', చివర ఐ బదులు ఈ. లాటిన్‌లో 'ముందు' అని, కాన్పుకి ముందు. గడియారంలో ఏఎమ్ అంటామే, మధ్యాహ్నానికి ముందు అన్న ఆ 'ఏ' కూడా ఇదే. యాంటీబయాటిక్‌లో ఉన్నది గ్రీకు 'యాంటీ', ఎదురు. అయినా బోర్డులు రాసేవాళ్ళు రెండూ కలిపేస్తారు. మా అమ్మాయిని చూపించడానికి ఓ ఆస్పత్రికి వెళితే తలుపు మీద ఇంత పెద్ద అక్షరాలతో ఐ పెట్టి రాసి ఉంది, అంటే 'పుట్టుకకి వ్యతిరేకం' విభాగం. ఉండబట్టలేక కౌంటర్లో చెప్పాను. ఆ అమ్మాయి తలెత్తకుండానే, 'ఇన్నేళ్ళలో ఎవరూ దారి తప్పలేదండీ' అంది.