జోసెఫ్‌ని చెత్తకుప్పలోంచి లేపే ముందు

ఒరేయ్ బుజ్జీ,

పరీక్షలయ్యాక ఆడుకోవడానికి ఒక గేమ్ చెప్పమన్నావు. ల్యాప్‌టాప్ పాతది, జేబులో డబ్బుల్లేవు, తుపాకులు వద్దు, రోబోలుంటే బాగుంటుంది అన్నావు. ఇన్ని షరతులు పెడితే పెళ్ళిసంబంధం కూడా కుదరదు గానీ, గేమ్ మాత్రం కుదిరింది. దాని పేరు మెషినారియం.

2009లో వచ్చింది. చెక్ దేశంలో అమానిటా డిజైన్ అనే చిన్న సంస్థ వాళ్ళది. యాకుబ్ ద్వోర్‌స్కీ, ఆయనతో కొద్దిమంది కలిసి సొంత డబ్బులతో మూడేళ్ళు కూర్చుని చేశారు. ప్రచారానికి పెట్టింది వెయ్యి డాలర్లట. బొమ్మలన్నీ చేత్తో గీసినవే. త్రీడీ లేదు, గ్రాఫిక్స్ కార్డు అడగదు, నీ డబ్బా ల్యాప్‌టాప్ చాలు. సేల్ వచ్చేదాకా ఆగు, ధర బాగా పడిపోతుంది. దొంగ కాపీ మాత్రం దింపకు. 2010లో వాళ్ళు లెక్కేసుకుంటే, ఆడేవాళ్ళలో డబ్బిచ్చి కొన్నవాళ్ళు నూటికి 5 నుంచి 15 మందే ఉంటారని తేలింది. కోప్పడకుండా, దొంగలకు క్షమాభిక్ష అని ప్రకటించి, 20 డాలర్ల గేమ్‌ని కొన్నాళ్ళు 5 డాలర్లకే ఇచ్చారు. అది చదివాక నాకు సిగ్గేసింది. ఎందుకని అడక్కు.

ఇక ఆట సంగతి. జోసెఫ్ అనే చిన్న రోబోని పాత ఇనుములాగా ఊరి బయట చెత్తకుప్పలో పారేస్తారు. వాడి చేతులూ కాళ్ళూ వెతికి తగిలించడంతో మొదలవుతుంది నీ పని. మొదట్లో ఆడే పద్ధతి నేర్పే నాలుగు ముక్కలు తప్ప గేమ్ మొత్తంలో మాటల్లేవు. ఎవరేం చెప్పాలన్నా తల మీద బుడగలో బొమ్మలు కదులుతాయి. నా ఇంగ్లీషుకి ఇది పెద్ద ఊరట.

ఇలా క్లిక్ చేస్తూ చిక్కుముళ్ళు (పజిళ్ళు) విప్పే గేముల్లో కుర్రాళ్ళు చేసే మొదటి తప్పు, తెర మీద కనిపించిన ప్రతిదాన్నీ క్లిక్ చేస్తూ పోవడం. ఇక్కడ ఆ పప్పులుడకవు. జోసెఫ్ చేతికి అందే వస్తువే పనిచేస్తుంది. పక్కనే నిలబెట్టాలి. అప్పటికీ అందకపోతే వాడి ఒళ్ళు పైకి సాగదీయాలి, లేదా కిందికి కుదించాలి. ఇరుక్కుపోయినప్పుడల్లా ముందు ఇదే అడుగు: పొడుగ్గా నిలబడి చూశానా, పొట్టిగా చూశానా? నేను ఆగిపోయిన చోట్లలో సగం ఇలా మర్చిపోయినవే. దొరికిన వస్తువుల్ని వాడు నోట్లో వేసుకుని కడుపులో దాచుకుంటాడు. మౌస్‌ని తెర పైఅంచుకి తీసుకెళ్తే అవి వరసగా కనిపిస్తాయి. ఒకదాన్ని ఇంకోదానితో కలపొచ్చు కూడా.

ఒక్క పజిల్ మాత్రం నేనే చెప్పేస్తాను, మిగతావి ఎలా ఆలోచించాలో తెలుస్తుందని. ఊళ్ళోకి వెళ్ళాలంటే వంతెన దాటాలి. అవతల కాపలా రోబో, వంతెన దించడు. నేను అరగంట సేపు వంతెననే చూశాను. దాన్ని విరగ్గొట్టాలా, దూకాలా, తాడు కట్టాలా అని. ఆ రాత్రి అన్నం కలుపుకుంటుంటే తట్టింది, చూడాల్సింది వంతెనని కాదు, కాపలావాడిని అని. వాడి నెత్తిన ఏముంది? నీలం రంగు శంకు టోపీ, దాని కొసన దీపం. మరి ఇవతల ఏమున్నాయి? రోడ్డు మీద పెట్టే శంకు, నీలం పెయింటు, బల్బు. అంతే. వాడి వేషం మనం వేసుకుంటే వాడే దించుతాడు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసినన్నాళ్ళూ మేం చేసిందీ ఇదేరా. లైన్ డెడ్ అని కంప్లైంట్ వస్తే వెంటనే స్తంభం ఎక్కేవాళ్ళం కాదు. ఎక్కడిదాకా బాగుందో చూసుకుంటూ వెళ్తే, బాగున్నది ఆగిపోయిన చోటే ఫాల్ట్.

హింట్లు గేమ్‌లోనే ఉన్నాయి. బల్బు బొమ్మ నొక్కితే ఆ చోటికి ఒక్క సూచన ఇస్తుంది, సిగ్గుపడకుండా వాడుకో. పక్కనే తాళం వేసిన పుస్తకం ఉంటుంది. అందులో మొత్తం పరిష్కారం బొమ్మలుగా గీసి ఉంటుంది కానీ, తెరవాలంటే తాళంచెవిని సాలీళ్ళ మధ్యలోంచి నడిపే చిన్న ఆట గెలవాలి. కావాలనే విసుగు పుట్టించేలా పెట్టారు. మంచి పని చేశారనే అంటాను. యూట్యూబ్‌లో ఆ విసుగు లేదు, అదే దాంతో చిక్కు. మొదటిసారి ఆడినప్పుడు జైలు దాటాక నేను వీడియో పెట్టుకుని, చూసింది చూసినట్టు నొక్కుకుంటూ ఒక్క సాయంత్రంలో ముగించేశాను. ఇప్పుడు ఆలోచిస్తే టోపీ గుర్తుంది, జైల్లో తోటి ఖైదీకి సిగరెట్ చుట్టిపెట్టడం గుర్తుంది. ఆ తర్వాతిదంతా మళ్ళీ ఆడేదాకా నాకు ఖాళీయే. పైగా ఒకసారి చూసిన పజిల్‌ని చూడనట్టు ఆడలేం కదా. అందుకని ఒకే చోట గంట గడిచిపోతే ల్యాప్‌టాప్ మూసేసి పడుకో. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే తడుతుంది.

బార్‌లో ఒక రోబో నీతో పందెం ఆట ఆడతాడు. మూడు కాయలు వరసగా పేర్చే మన దాడి ఆటలాంటిదే, కాకపోతే ఇందులో ఐదు వరసగా పడాలి. వాడు గట్టివాడు. వాడివి మూడు వరసగా పడి రెండు వైపులా ఖాళీ ఉందంటే నీ ఎత్తు ఎంత మంచిదైనా పక్కనపెట్టి ముందు వాడికి అడ్డం వెయ్యి. ఈ భాగం నాకంతగా నచ్చలేదు. కథ ఆపి పరీక్ష పెట్టినట్టుంటుంది. వాయిద్యాలు పాడైపోయిన ముగ్గురు వీధి సంగీతగాళ్ళ దగ్గర మాత్రం హడావుడి పడకు. పని అయ్యాక కూడా నిలబడి విను.

ఇంకో సంగతి, అప్పుడప్పుడు ఏమీ నొక్కకుండా జోసెఫ్‌ని ఊరికే వదిలెయ్యి. కాసేపటికి వాడికి పాత రోజులు గుర్తొచ్చి తల మీద బుడగ లేస్తుంది. వాడి స్నేహితురాలు బెర్టా ఎవరో, ఆ నల్లటోపీల ముఠాతో వాడి గొడవేంటో ఎక్కువగా అక్కడే తెలుస్తుంది. తొందరపడేవాళ్ళకి కథే అర్థం కాదు.

సేల్ వచ్చేదాకా ఆగలేనంటే, బినీత్ ఎ స్టీల్ స్కై అని 1994 నాటిది ఉంది. 2003 నుంచి ఉచితంగానే ఇస్తున్నారు. కానీ అందులో మాటలెక్కువ, ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకో.

ఇరుక్కుపోతే ఫోన్ చెయ్యి. సమాధానం చెప్పను. నీ తెర మీద ఏమేం కనిపిస్తున్నాయో ఒక్కొక్కటీ పైకి చెప్పు, నేను వింటాను. సగంలోనే నువ్వే ఫోన్ పెట్టేస్తావు. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం చెయ్యకు, మీ మావయ్య పడుకుంటాడు.

మీ అత్తయ్య