నేను వచ్చిన దారి నీకు పనికిరాదు

చిన్నీ,

నైట్ డ్యూటీ దిగి, రియాద్ నుంచి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. "అత్తా, నువ్వెళ్ళినట్టే నేనూ నర్సుగా అమెరికా వెళ్ళాలి, ఏ వీసా తేలిక?" అన్నావు. ముందే చెప్పేస్తున్నా, నేను వచ్చిన దారి ఇప్పుడు లేదు. 2005లో అమెరికా ప్రభుత్వం నర్సులకీ ఫిజికల్ థెరపిస్టులకీ, వాళ్ళ కుటుంబాలకీ కలిపి 50,000 గ్రీన్ కార్డు వీసాలు విడిగా ఇచ్చింది. ఆ ఊపులో 2006 మొదట్లో నేను దిగిపోయాను. ఆ ఏడాది చివరికల్లా అవి అయిపోయాయి. నాకంటే మంచి మార్కులు తెచ్చుకున్న నా బ్యాచ్‌మేట్ ఆర్నెల్లు ఆలస్యంగా కాగితాలు పెట్టి ఏళ్ళ తరబడి ఆగిపోయింది. ఇందులో నా తెలివేమీ లేదు.

మీ ఏజెంటు హెచ్-1బి అంటున్నాడన్నావు, అంటే తాత్కాలిక ఉద్యోగ వీసా. ఆ వీసా రావాలంటే నీకు డిగ్రీ ఉంటే చాలదు, ఆ ఉద్యోగానికే డిగ్రీ తప్పనిసరి అయ్యుండాలి. అమెరికాలో రెండేళ్ళ కోర్సు చదివినవాళ్ళు కూడా ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు తీసుకుని వార్డులో పనిచేస్తారు. అందుకే మామూలు స్టాఫ్ నర్సు పోస్టుకి హెచ్-1బి నిలబడడం కష్టం. పై డిగ్రీ కావలసిన నర్స్ ప్రాక్టీషనర్‌కో, అనస్థీషియా నర్సుకో అయితే వేరే మాట. పైగా 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రకటనతో, బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళకి కొత్తగా వేసే హెచ్-1బి మీద లక్ష డాలర్లు కట్టాలన్నారు. వార్డు నర్సు కోసం అంత డబ్బు కట్టే ఆసుపత్రి ఉందని మీ ఏజెంటు చెబితే, ఆ ఆసుపత్రి పేరు కాగితం మీద రాసిమ్మను.

టీఎన్ అనే ఉద్యోగ వీసా కెనడా, మెక్సికో పౌరులకే. కెనడాలో పీఆర్ (శాశ్వత నివాసం) ఉన్నా చాలదు, పౌరసత్వమే కావాలి. నర్సుల కోసమే హెచ్-1సి అని ఒకటుండేది, ఏడాదికి 500, అది 2009లో ముగిసిపోయింది. ఎవరైనా ఇంకా దాని పేరు చెప్తే ఫోన్ పెట్టెయ్. చదువుకోడానికి వెళ్ళి అక్కడే ఉండిపోవచ్చంటారు. మామూలు నర్సింగ్ డిగ్రీ తర్వాత పనిచేయనిచ్చేది 12 నెలలు, సాఫ్ట్‌వేర్ వాళ్ళకిచ్చే అదనపు రెండేళ్ళు మనకి రావు.

ఇక మిగిలింది ఈబీ-3, ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో మూడో కేటగిరీ. నిజానికి అది తాత్కాలిక వీసా కూడా కాదు, దిగిన రోజు నుంచే గ్రీన్ కార్డు. భర్తకీ, పెళ్ళికాని 21 ఏళ్ళలోపు పిల్లలకీ కూడా వస్తుంది. నర్సులు 'షెడ్యూల్ ఎ'లో ఉంటారు. అంటే దేశంలో నర్సుల కొరత ఉందని లేబర్ శాఖ ముందే ఒప్పుకుంది, అందుకని "ఈ ఉద్యోగానికి అమెరికన్లు దొరకలేదు" అని ఆసుపత్రి విడిగా రుజువు చేయక్కర్లేదు. నిన్ను ఉద్యోగంలోకి తీసుకుంటామని ఆసుపత్రి ఐ-140 అనే దరఖాస్తు వేస్తుంది. అది ఇమిగ్రేషన్ వాళ్ళకి చేరిన రోజే నీ ప్రయారిటీ డేట్, అంటే వరుసలో నీ చోటు చెప్పే తేదీ. ఆ తేదీ నీ ఆస్తి అనుకో. ఐ-140 అప్రూవ్ అయ్యాక యజమాని మారినా, మోసం లాంటిది బయటపడితే తప్ప ఆ తేదీ నీతోనే ఉంటుంది. కొత్త ఆసుపత్రి మళ్ళీ ఐ-140 వేయాలి, వరుసలో నీ చోటు మాత్రం పోదు.

అసలు కష్టం ఆ వరుసే. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి. సాఫ్ట్‌వేర్ వాళ్ళతో కలిపి మనమంతా ఒకే వరుసలో నిలబడాలి. 2025 చివర్లో కూడా ఇండియా ఈబీ-3లో 2013లో వేసినవాళ్ళ వంతే నడిచింది. "రెండేళ్ళలో పంపిస్తాం" అనేవాడికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

అందుకని ఏది ఎప్పుడు చేయాలో చూసుకో. ఎన్‌క్లెక్స్, అంటే అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష, ఇప్పుడే రాయి. ఐ-140 వేయడానికి అది చాలు. కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, ఐదు గంటలు. 85 దగ్గర స్క్రీన్ ఆగిపోతే ఏడవకు, పాసైనా ఫెయిలైనా అక్కడే ఆగవచ్చు. నీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. రిజిస్ట్రేషన్‌లో పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టు. పరీక్ష సెంటర్లో ఐడీ చూసేవాళ్ళకి మన ఇంటిపేర్ల గొడవ తెలియదు, వెనక్కి పంపేస్తారు.

నీ చదువు, లైసెన్సు, ఇంగ్లీషు సరిచూసి ఇచ్చే వీసాస్క్రీన్ సర్టిఫికెట్‌కి మాత్రం ఇప్పుడే డబ్బు తగలేయకు. అది కావలసింది వీసా ఇంటర్వ్యూకి. సర్టిఫికెట్ ఐదేళ్ళే చెల్లుతుంది, దానికి పెట్టే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష స్కోరు రెండేళ్ళే. మొత్తం మీద 6.5, స్పీకింగ్‌లో 7 కావాలి. ఇంగ్లీషు మీడియంలో చదివానంటే ఒప్పుకోరు, మన దేశానికి ఆ మినహాయింపు లేదు. కాగితాలు మాత్రం ఇప్పుడే కూడబెట్టు. నువ్వు ఇంతవరకూ తీసుకున్న ప్రతి లైసెన్సునీ ఆయా కౌన్సిల్ నేరుగా ధృవీకరించి పంపాలి, సౌదీది కూడా. రియాద్ వదిలేముందే పోలీస్ క్లియరెన్స్ తీసుకో. ఏడాది పైన ఉన్న దేశం నుంచి అది అడుగుతారు, బయటికొచ్చాక తెప్పించుకోవడం ఎంత తలనొప్పో నన్నడుగు.

కాంట్రాక్టు గురించి కాస్త సిగ్గుపడుతూనే చెప్తున్నా. నా మొదటిది ఒక ఏజెన్సీతో, మూడేళ్ళు. 14 పేజీలుంటే సంతకం పెట్టే చోటు ఒక్కటే చూశాను. మధ్యలో మానేస్తే కట్టాల్సిన సొమ్ము 11వ పేజీలో ఉంది. అది చదివేసరికి నేను ఒక నర్సింగ్ హోమ్‌లో రాత్రికి 30 మందిని చూస్తున్నాను, పక్కనున్న అమెరికన్ నర్సుకి గంటకి నాకంటే ఆరు డాలర్లు ఎక్కువ. నువ్వు మూడే అడుగు: జీతమిచ్చేది ఆసుపత్రా, ఏజెన్సీయా? వారానికి ఎన్ని గంటలు ఖాయం? మానేస్తే కట్టాల్సింది నెలనెలా తగ్గుతుందా? మూడోదానికి నసిగితే వదిలెయ్.

ఇంతా చదివి దిగులు పడ్డావా? నీ మెసేజ్ చివర్లో నువ్వు పట్టించుకోకుండా అనేసిన మాట ఒకటుంది. మీ ఆయన 1989లో కువైట్‌లో పుట్టాడన్నావు. ఈ వరుసలో లెక్క పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. భార్యాభర్తలు కలిసి వెళ్తుంటే ఒకరు పుట్టిన దేశాన్ని ఇంకొకరు వాడుకోవచ్చు. కువైట్‌లో పుట్టినవాళ్ళు 'మిగతా దేశాల' వరుసలోకి వస్తారు. 2025 చివర్లో ఆ వరుస 2023 దాకా వచ్చేసింది. పన్నెండేళ్ళకీ రెండున్నరేళ్ళకీ ఉన్న తేడా మీ ఇంట్లోనే కూర్చుని ఉంది, నువ్వేమో ఏజెంట్ల వెంట తిరుగుతున్నావు!

ఏ ఆసుపత్రితో మాట్లాడినా మొదటి మెయిల్లోనే ఈ సంగతి రాయి. ఇండియా అనగానే ఫైలు పక్కన పెట్టేసేవాళ్ళు చాలామంది. ముందు మాత్రం మీ అత్తగారికి ఫోన్ చేసి కువైట్ బర్త్ సర్టిఫికెట్ ఉందేమో వెతకమను. అరబిక్‌లో ఉంటుంది, బిడ్డ పేరు రాశారో ఖాళీగా వదిలేశారో చూడాలి. దొరగ్గానే రెండు వైపులా ఫోటో తీసి నాకు పంపు.

నీ అత్త