పాలిష్ సంగతి తర్వాత, ముందు మెషిన్‌ని వెనక్కి తిప్పండి

ప్రశ్న అడిగినవారు అమెరికాలో ఒక గరాజ్ సేల్‌లో 1970ల నాటి నిషిజిన్ కంపెనీ పాచింకో మెషిన్ కొన్నారట. పాచింకో అంటే చిన్న ఉక్కు గోళీని పైకి కొడితే అది నిలువు బోర్డు మీది మేకుల మధ్య నుంచి దిగి పాకెట్లలో పడే జపాన్ ఆట. ముందు బోర్డు, దాని మీది ఇత్తడి మేకులు కొత్తవాటిలా తళతళలాడాలంటే ఏ పాలిష్ వాడాలని అడిగారు. ఇప్పుడే ఏ పాలిషూ వాడకండి. ముందు మెషిన్‌ని వెనక్కి తిప్పి గోడకి ఆనించండి.

నేను టోక్యోలో నిషి-కసాయిలో ఉంటాను. మన దేశం వాళ్ళు బాగా స్థిరపడ్డ పేట ఇది. నా దగ్గరా ఆ కాలం నాటి మెషినే ఉంది, బొటనవేలితో లివర్ లాగి వదిలి ఒక్కో గోళీనీ పైకి కొట్టే రకం. నా చేతులతో విప్పి, కడిగి, బిగించి ఇప్పటికీ ఆడుతున్నాను. అందుకే ఈ విషయంలో కాస్త గట్టిగానే మాట్లాడతాను.

ఈ మెషిన్‌లో ముందు భాగం చూడ్డానికి. పనంతా జరిగేది వెనకే. పైన తొట్టిలో గోళీలుంటాయి. అవి మెలికలు తిరిగిన ప్లాస్టిక్ కాలవలోంచి దిగి ఒకదాని మీద ఒకటి వరసగా నిలబడతాయి. మీరు కొట్టిన గోళీ ఏదో ఒక పాకెట్‌లో పడగానే బోర్డుకున్న కన్నంలోంచి వెనక్కి వచ్చి ఒక చిన్న తక్కెడ మీద పడుతుంది. దాని బరువు అయిదున్నర గ్రాములకి అటూ ఇటూ. ఆ కాస్త బరువుకే తక్కెడ వాలుతుంది, గంట మోగుతుంది, వరసలో ఉన్న గోళీలు గలగలమంటూ ముందు పళ్ళెంలోకి వస్తాయి. మీ మెషిన్ మీద ‘ఆల్ 15’ అని ఉంటే ఏ పాకెట్‌లో పడ్డా పదిహేను. మోటారు లేదు, సర్క్యూట్ బోర్డు లేదు. కరెంటు బల్బులకే.

అయిదున్నర గ్రాముల బరువుతో నడిచే యంత్రానికి పార్లర్‌లో, అంటే జపాన్‌లో ఈ ఆట ఆడించే హాల్లో, ఉన్నంత కాలం పట్టిన సిగరెట్ పసరు, తర్వాత గరాజ్‌లో పడిన దుమ్ము, మధ్యలో ఎవరో ప్రేమగా వేసిన కుట్టుమిషన్ నూనె అన్నీ కలిస్తే ఏమవుతుంది? తక్కెడ వాలదు. ముందు మేకులు ఎంత మెరిస్తే ఏం లాభం? సిగరెట్ పసరు అంటే తేలిగ్గా తీసుకోకండి. జపాన్ పార్లర్లలో 2020 ఏప్రిల్‌లో చట్టం మారేదాకా మెషిన్ ముందు కూర్చుని పొగ తాగడం మామూలే. నా మెషిన్ కాలవల్లో తడి దూది పెట్టి తీస్తే డికాక్షన్ రంగులో వచ్చింది, గది నిండా కంపు. గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల అంట్ల సబ్బు, మెత్తని పళ్ళ బ్రష్ చాలు. విప్పే ముందు ప్రతి భాగానికీ ఫోటో తీసుకోండి, స్క్రూలు ఏ భాగానివి ఆ భాగంతో విడివిడిగా కవర్లలో వేయండి. కడిగాక పూర్తిగా ఆరనివ్వండి. నూనె మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ కదిలే చోట నూనె వేస్తే ఆర్నెల్లు తిరిగేసరికి దుమ్ముతో కలిసి జిగురవుతుంది.

విరిగిన ప్లాస్టిక్ ముక్కని అతికించేటప్పుడు కూడా జాగ్రత్త. చిటికెలో అతుక్కునే సూపర్ గ్లూ ఆవిరి పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ మీద తెల్లటి పొరలా పడుతుంది, ఇక పోదు. మీ మెషిన్ తయారుచేసిన నిషిజిన్ 2023లో వ్యాపారమే మానేసింది కాబట్టి కంపెనీ నుంచి ఏ ముక్కా రాదు. అదే రకం పాడైపోయిన మెషిన్ ఇంకొకటి కొని దాంట్లోంచి తీసుకోవడమే దారి. అమెరికాలో అది మరీ కష్టం కాదు. జపాన్ పార్లర్లు అప్పట్లో మెషిన్లని తరచూ మార్చేసేవి. తీసేసినవన్నీ 1970లలో ఓడలెక్కి అమెరికా ఇళ్ళకి చేరాయి. మీ గరాజ్ సేల్ మెషిన్ కూడా ఆ దారినే వచ్చుంటుంది.

ఇక మేకులు. ఇంటర్నెట్‌లో కొన్ని వీడియోలున్నాయి. బోర్డు మీది మేకులన్నీ కటింగ్ ప్లయర్‌తో పీకి, ఏదో ద్రావణంలో నానబెట్టి, అద్దంలా చేసి, మళ్ళీ సుత్తితో దిగ్గొడతారు. కింద వందల మంది ‘అద్భుతం’ అని రాస్తారు. అవి చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మేకులు బోర్డుకి నిలువుగా ఉండవండీ. కాస్త పైకి వంగి ఉంటాయి, ఒక్కోటీ ఒక్కోలా. గోళీ వ్యాసం 11 మిల్లీమీటర్లు. పాకెట్‌కి సరిగ్గా పైన ఉండే రెండు మేకుల్ని ఇక్కడ ఇనోచి-కుగి అంటారు. వాటి మధ్య ఎడం పావు మిల్లీమీటరు పెరిగినా తగ్గినా ఆ పాకెట్‌లో పడే గోళీల లెక్క మారిపోతుంది. పార్లర్ మూసేశాక రాత్రిపూట చిన్న సుత్తి, కొలత గేజ్ పట్టుకుని ఒక్కో మెషిన్ తెరిచి మేకులు సరిచేసే నిపుణులుండేవారు, కుగిషి అని పేరు. అసలీ మేకుల అమరిక అంతా యుద్ధం తర్వాత నగోయాలో మసమురా తకేఇచి అనే ఆయన దిద్దిన పద్ధతి నుంచి పుట్టింది. ఆయన దానికి పేటెంటు కూడా తీసుకోలేదు, అందుకే ఊరూరా పాకింది. మీ బోర్డు మీద ఆఖరిసారి సుత్తి వేసిన కుగిషి ఎవరో గానీ, ఆయన చేతిపని ఇంకా అలాగే ఉంది. మేకులు పీకితే అది పోయినట్టే. మళ్ళీ మీరు కొట్టినా, నేను కొట్టినా రాదు.

ఇత్తడి అనగానే మనవాళ్ళకి చింతపండు, పీతాంబరి పొడి గుర్తొస్తాయి. దేవుడి సామానుకి బాగుంటాయి గానీ ఇక్కడొద్దు. మేకులు దిగింది ప్లైవుడ్‌లో, దాని మీద బొమ్మ వేసిన సెల్యులాయిడ్ పొర. తడి మేకు మొదట్లోంచి లోపలికి దిగితే చెక్క ఉబ్బుతుంది. పొడి అయితే ప్రతి మేకు చుట్టూ తెల్లగా గట్టిపడి కూర్చుంటుంది. స్పిరిట్‌తో తుడిస్తే బొమ్మ రంగే ఊడొచ్చేస్తుంది. అంతగా కావాలంటే నగలు తుడిచే పొడి గుడ్డని సన్నటి పీలికగా చింపి ఒక్కో మేకు చుట్టూ తిప్పండి. ఓపిక పట్టే పని, కానీ నష్టం లేదు.

ఇప్పుడు నా మెషిన్ సంగతి. అంతా కడిగి బిగించాక కూడా ఒక జబ్బు మిగిలింది. గోళీ పాకెట్‌లో పడితే గంట మోగేది గానీ పదిహేనుకి బదులు ఒకసారి తొమ్మిది, ఒకసారి పన్నెండు వచ్చేవి. తక్కెడ బాగానే ఉంది, స్ప్రింగులు బాగానే ఉన్నాయి. మా బిల్డింగ్‌లోనే కింది అంతస్తులో ఒక పెద్దాయన ఉంటారు, ఎనభైకి దగ్గర పడ్డవారు. చెత్త పడేసే చోట పలకరింపుల్లో, కుర్రతనంలో ఆయన నగోయాలో ఒక పాచింకో పార్లర్‌లో పనిచేశారని తెలిసింది. అదీ ఎక్కడ? మెషిన్ల వెనక. అప్పట్లో మెషిన్లని వీపూ వీపూ ఆనించినట్టు రెండు వరసలుగా పెట్టేవారు, మధ్యలో సన్నటి సందు. ఆ సందులో కుర్రాళ్ళు తిరుగుతూ తొట్లు నింపేవారు. గోళీ ఇరుక్కుని ఆటగాడు అద్దం మీద తడితే మెషిన్ పైనుంచి తల బయటపెట్టి సర్దేవారు. మీరొకసారి వచ్చి చూడగలరా అని అడిగాను. ఆదివారం పొద్దున్నే మికాన్ పళ్ళ పెట్టె ఒకటి చంకన పెట్టుకుని వచ్చారు.

ముందు వైపు కన్నెత్తి చూడలేదు. నేరుగా వెనక్కి వెళ్ళి నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. "ఏసీ ఆపండి" అన్నారు. ఆపాను. ఒక గోళీ తీసి వెనక నుంచి చేత్తోనే తక్కెడ మీద వదిలారు. గంట మోగింది, గోళీలు జారాయి. "మళ్ళీ" అని తనకి తానే చెప్పుకుని ఇంకోటి వదిలారు. కళ్ళు మూసుకుని వింటున్నారు. తర్వాత మెషిన్ ముందు అద్దం ఊడదీయమన్నారు. దాన్ని చాప మీద పరిచి, పళ్ళెంలోంచి గుప్పెడు గోళీలు తీసుకుని, ఒక్కొక్కటే అద్దం మీద దొర్లిస్తూ చెవి దగ్గర పెట్టి విన్నారు. కొన్ని చప్పుడు లేకుండా జారిపోయాయి. కొన్ని సన్నగా ‘సర్ర్’ మన్నాయి. వేటినవి వేరువేరుగా రెండు కుప్పలు పెట్టారు. నా వేళ్ళకి రెండింటికీ తేడా తెలియలేదు. భూతద్దం పెట్టి చూస్తే, ‘సర్ర్’ మన్నవాటి మీద తుప్పు తిన్న గుంటలు, సూదిమొనంత.

మంచి కుప్ప మాత్రమే తొట్టిలో పోసి ఆడించారు. పదిహేను. మళ్ళీ పదిహేను. గుంటలు పడ్డ గోళీలు కాలవ మలుపు దగ్గర క్షణంలో ఏ కొంతో ఆలస్యం అవుతున్నాయట, ఈలోపు తక్కెడ పైకి లేచి దారి మూసేస్తోంది. జబ్బు గోళీలదండీ, మెషిన్‌ది కాదు. తర్వాత ఆయన చట్రం మీద అరచెయ్యి వేసి చూసి, "నిటారుగా ఉంది, కాస్త వెనక్కి వాలాలి" అని, మికాన్ పెట్టె అట్టముక్క మడిచి ముందు అంచు కింద దోపారు. గోళీ మేకుల మధ్య దిగే తీరే మారిపోయింది. అప్పటిదాకా అద్దానికి తగిలి టకటకమంటూ పడేది, ఇప్పుడు బోర్డుని అంటిపెట్టుకుని దిగుతోంది. టీ తాగుతూ అన్నారు: "మేకులు మేనేజరు చూసుకునేవాడు. మేం గోళీలు చూసుకునేవాళ్ళం. రోజూ రాత్రి కడిగేవాళ్ళం."

ఆ పాడు గోళీలు నాకు ఆన్‌లైన్‌లో ‘పార్లర్ అసలు గోళీలు’ అని అమ్మారు. ఒక్కోదాని మీద పార్లర్ గుర్తు చెక్కి ఉంటుంది, అది చూసి ధర పెంచేస్తారు. తుప్పు పట్టినవి ఫోటోలో కనపడవు. ఇలాంటి అమ్మకందార్లతో విసిగిపోయాను. మీ మెషిన్‌తో వచ్చిన గోళీల్ని కూడా నమ్మకండి. వెనిగర్‌లో ఒక రాత్రి నానబెట్టి, సోడా ఉప్పు నీళ్ళతో కడిగి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి, పాత దిండు గలేబులో పోసి ఇద్దరు చెరో కొసా పట్టుకుని అటూ ఇటూ దొర్లించండి. తర్వాత అద్దం మీద దొర్లించి వినండి. ‘సర్ర్’ మన్నది ఎంత పాతదైనా పారేయండి. కొత్త గోళీలు కొనుక్కోండి, కొలత మాత్రం 11 మిల్లీమీటర్లే ఉండాలి.

బల్బుల గురించి కూడా చెప్పేస్తాను, అడక్కపోయినా. వీటిని నేరుగా గోడ ప్లగ్‌కి కలపకూడదు. అమెరికాలో అమ్మినప్పుడు చాలావాటికి బ్యాటరీ డబ్బా తగిలించారు. ఆ వైర్ల మీద తొడుగు పెళుసెక్కి ఉంటే మొత్తం మార్చండి. రంగులు మారే ఎల్‌ఈడీ పట్టీలు మాత్రం తగిలించకండి. పసుపు బల్బు వెలుగులో చూడ్డానికి వేసిన బొమ్మలవి. నీలం వెలుతురులో ఆ ఎరుపులూ ఆకుపచ్చలూ పాలిపోతాయి. ఎల్‌ఈడీలూ శబ్దాలూ కావాలంటే ఇప్పటి మెషిన్లే ఉన్నాయి. 1980లో సాంక్యో కంపెనీ ‘ఫీవర్’ మెషిన్ వచ్చి మధ్యలో తిరిగే అంకెలు పెట్టినప్పటి నుంచి ఆట గోళీ నుంచి తెర మీదకి వెళ్ళిపోయింది. 2023లో వచ్చిన స్మార్ట్ పాచింకోలో అయితే గోళీలు లోపలే తిరుగుతుంటాయి, మీ చేతికి ఒక్కటీ తగలదు. గోళీ ముట్టుకోకుండా పాచింకో ఏమిటి! 1990ల మధ్యలో జపాన్‌లో 18 వేల పైచిలుకు పార్లర్లుండేవి, ఇప్పుడు 7 వేలు కూడా లేవు. కారణాలు వేరే చాలా చెప్తారు. నా మటుకు నాకు గోళీని దూరం చేయడమే మొదటి కారణం.

మా అమ్మ విజయవాడ నుంచి వీడియో కాల్‌లో ఈ మెషిన్ చూసి, "ఇంట్లో జూదం సామానేంట్రా" అని కోప్పడింది. మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు అంటారు. పార్లర్‌లో గోళీలు అద్దెకిస్తారు, మామూలు రేటు ఒక్కోటి 4 యెన్‌లు, గెలిచినవాటికి బహుమతి ఇస్తారు, ఆ బహుమతిని బయట వేరే కిటికీ దగ్గర డబ్బుగా మార్చుకుంటారు. డబ్బు పోయేది అక్కడ. ఆ పిచ్చిలో కుటుంబాలు గుల్లైన మాట నిజం, దాన్ని నేను సమర్థించను. ఇంట్లో మాత్రం పళ్ళెంలోకి వచ్చిన గోళీలే మళ్ళీ తొట్టిలోకి పోస్తాం. అమ్మకి ఇదే చెప్పాను. కిందటి సంవత్సరం వచ్చినప్పుడు తనే కూర్చుని ఎడమవైపు ట్యులిప్ (గోళీ పడితే పువ్వులా విచ్చుకునే పాకెట్) రెక్కలు తెరిపించింది.

ఒక్క ఇబ్బంది ఉంది, చప్పుడు. అపార్ట్‌మెంట్ అయితే కింద మందపాటి రబ్బరు చాప వేయండి, రాత్రి తొమ్మిది తర్వాత ఆడకండి. గంటకి గుడ్డ చుట్టమని సలహా ఇస్తారు, వినకండి. గంట మోగకపోతే తక్కెడ ఎప్పుడు వాలిందో మీకెలా తెలుస్తుంది?

మీ మెషిన్ వెనక భాగం ఫోటోలు పగటి వెలుతురులో తీసి ఇక్కడే కింద పెట్టండి. పై తొట్టి నుంచి కింద దాకా మొత్తం కనపడేది ఒకటి, తక్కెడ దగ్గర ఇంకోటి, కాలవ మలుపుల దగ్గర మరోటి. అవి చూశాక ఏది విప్పాలో, ఏది కదపకూడదో చెప్తాను. పాలిష్ గురించి ఆ తర్వాత అడగండి.