జేబు లేని మనిషి చెయ్యి ఎటు పోతుంది?

వెస్ట్ మాంబళం,
చెన్నై.

చిరంజీవికి ఆశీస్సులు.

నాయనా, నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. కథ నడుస్తోంది. భాష నీ మాట వింటోంది. పెనుకొండ కోట గుమ్మం దగ్గర ఆ ఇద్దరు కాపలావాళ్ల మాటలు చదువుతుంటే పక్కన నిలబడి విన్నట్టే ఉంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇక ముందు నీ రెండో అధ్యాయంలో ఉన్న ఒక్క వాక్యం గురించి రాస్తాను, ఆ తర్వాత నువ్వు అడిగిన ఆనాటి బట్టల గురించి.

"జేబులోంచి వరహా తీసి పూటకూళ్లమ్మ చేతిలో పెట్టాడు" అని రాశావు. నీ కథ 1520లో జరుగుతోంది.

పంచె కట్టుకున్న కుర్రాడికి జేబు ఎక్కడుంటుంది? ఆ మాటే అరబ్బీ నుంచి మన దాకా వచ్చింది. "రొండిలోంచి తీసి" అని మారిస్తే తప్పు పోతుంది, నిజమే. కానీ మాట మార్చి ఊరుకోవద్దు. ఆదివారం పూట గదిలో తలుపేసుకుని ఒక నేత పంచె కట్టుకో. చెరగు కొసన రూపాయి బిళ్ల పెట్టి, గట్టిగా ముడేసి, నడుం దగ్గర దోపుకో. కాసేపు అటూ ఇటూ తిరిగి, ఆ బిళ్ల బయటికి తియ్యి. ఒక చేత్తో రాదు. చేతిలో కర్ర ఉంటే గోడకి ఆనించాలి. తల వంచాలి. చెమటకి బిగుసుకుపోయిన ముడిని గోటితో లాగాలి, గోటితో రాకపోతే పంటితో లాగాలి. ఈలోపు ఎదురుగా పూటకూళ్లమ్మ నిలబడే ఉంటుంది. ఆ ముడి ఎంత లావుగా ఉందో ఆమె చూస్తుంది, అరుగు మీద కూర్చున్న మరో బాటసారీ చూస్తాడు. నీ మూడో అధ్యాయంలో జరిగే దొంగతనానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. జేబు పెట్టడం వల్ల ఆ దృశ్యం మొత్తం నీ చెయ్యి జారిపోయింది.

నేను ముప్ఫై ఏళ్లుగా చారిత్రక నవలలు రాస్తున్నాను. పాత వస్తువుల గురించి వెతకడమంటే పేర్లు పోగేసుకోవడమని మొదట్లో అనుకునేదాన్ని. ఆ వస్తువుతో మనిషి ఒళ్లు ఎలా కదులుతుందో తెలిసేదాకా పేరు తెలిసినా ఒకటే, తెలియకపోయినా ఒకటే.

ఇక వరహా సంగతి. వరహా అంటే ఇంచుమించు మూడున్నర గ్రాముల బంగారం. 1443లో హెరాత్ నుంచి విజయనగరానికి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ ఈ నాణేల లెక్క రాసిపెట్టాడు. వరహాలో సగం పర్తాబు. పర్తాబులో పదో వంతు పణం. పణంలో ఆరో వంతు తార్ అనే వెండి నాణెం. అందులో మూడో వంతు జీతల్ అనే రాగి నాణెం. గుణించి చూడు, ఒక వరహాకి 360 రాగి నాణేలు. నీ కుర్రాడు ఒక పూట అన్నానికి అది ఇచ్చేశాడు! ఓరుగల్లు వీధుల్లో నడిచే క్రీడాభిరామం అనే పాత నాటకంలో పూటకూళ్లింటి భోజనం ధర చక్కగా దొరుకుతుంది. లక్ష్మణ వజ్ఝల ఇంట ఒక్క రూకకి కప్పురభోగి అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. అది నీ కాలానికి నూరేళ్ల పైచిలుకు ముందుది, ఊరు కూడా వేరు. అయినా ఏ స్థాయి నాణేనికి ఏ స్థాయి భోజనమో అంచనా కట్టడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

అదే పూటకూళ్లమ్మ చేత నువ్వు వంకాయ కూర ఎర్రగా కారం దట్టించి వండించావు. వంకాయ మనదే, ఇబ్బంది లేదు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. వాస్కో డ గామా కాలికట్ చేరిందే 1498లో. తర్వాత ఇరవై ఏళ్లకే పెనుకొండ పూటకూళ్లింట్లో కూర ఎర్రబడిందంటే నేను ఒప్పుకోను. మిరియాలు వెయ్యి, అల్లం వెయ్యి, ఆవ పెట్టించు. టమాటా, బంగాళదుంప, వేరుశనగ, జీడిపప్పు, జామకాయ, సీతాఫలం, ఇవన్నీ అటు నుంచి వచ్చినవే, జాగ్రత్త.

ఈ విషయంలో నేను గట్టి దెబ్బ తిన్నదాన్ని. నా మొదటి సీరియల్ కాకతీయుల కాలానిది. అందులో ఒక ముసలావిడ మనవడికి ఎర్రటి ఆవకాయ అన్నం ముద్దలు కలిపి పెడుతుంది. మా అమ్మమ్మని తలుచుకుంటూ రాశాను, ఎంతో ఇష్టంగా రాశాను. వారం తిరక్కుండా నెల్లూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు కార్డు రాశారు. మిరపకాయ మన రేవులో దిగడానికి అప్పటికింకా రెండు వందల ఏళ్లు పైనే పడుతుందని, అయినా ఆ ముసలావిడ ప్రేమ తనకి నచ్చిందని. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నా తప్పు వల్ల ఆయనకి ఆవిడ మీద నమ్మకం పోయింది కదా అని బాధ. ఒక్క ముద్ద దగ్గర నమ్మకం పోతే పాఠకుడు ఆ తర్వాత యుద్ధాన్నీ నమ్మడు, ప్రేమనీ నమ్మడు.

కాలానికి తగిన తిండి కావాలంటే ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇల్లు చూడు. జడివాన పట్టిన రోజుల్లో ఆ ఇల్లాలు కొబ్బరి చిప్పలు మండించి వంట చేస్తుంది. అన్నం, పొట్టు తీసిన పప్పు, తాలింపు వేసిన నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. రాజు రాసిన కావ్యంలో వంటచెరకు సంగతి ఉంది చూశావా! వానాకాలం కట్టెలు తడుస్తాయి, తాజా కూరలు దొరకవు, అందుకే చిప్పలూ వరుగులూ. ఇలాంటి చోట ఆగి పదిసార్లు చదవాలి. ఈ వరుసలో నిప్పు గురించి కూడా ఆలోచించు. గీస్తే మండే అగ్గిపుల్ల ఇంగ్లండులో అమ్మకానికి వచ్చిందే 1827లో. అంతకుముందు చెకుముకి రాయి కొట్టాలి, లేదా పొయ్యిలో నివురు కప్పి దాచుకోవాలి, అదీ ఆరిపోతే పెంకు పట్టుకుని పొరుగింటికి పోవాలి. నీ నాయిక రోజూ పొద్దున్నే పక్కింటికి వెళ్లడానికి ఇంతకన్నా మంచి వంక ఏముంటుంది?

ఇప్పుడు బట్టల సంగతి. నువ్వు అడిగింది అసలు ఇదే కదా.

మా వారు కోడంబాకం స్టూడియోల్లో దుస్తుల విభాగంలో పనిచేశారు. ఆ రోజుల్లో జానపద సినిమాలకి కుట్టిన మఖమలు అంగరఖాలు, చమ్కీ పనులు మా ఇంట్లోనే ఆరేవి. ఆ పనివాళ్లంటే నాకు చాలా గౌరవం. కానీ అవి స్టూడియో దీపాల కోసం కుట్టినవి. మన కళ్లలో ఉన్న రాజు ఆ దీపాల కిందనే ఉన్నాడు. నీ మొదటి అధ్యాయంలో రాయలవారు ఎర్ర మఖమలు పాదరక్షలతో వచ్చారు. 1520 ప్రాంతంలో విజయనగరంలో ఆయన్ని కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయిస్ ఏం రాశాడో తెలుసా? బంగారు గులాబీలు కుట్టిన తెల్లని బట్టలు, మెడలో వజ్రాల హారం, తల మీద జరీ టోపీ, కాళ్లకి ఏమీ లేవు. చక్రవర్తి ఒట్టి కాళ్లతో ఉన్నాడు. నేను ఇది మొదటిసారి చదివి కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాను. ఒట్టి కాళ్లతో నడిచే చక్రవర్తి అడుగుల చప్పుడు వేరుగా ఉంటుంది. మనిషి వస్తున్నట్టు ముందుగా తెలియదు.

అదే రాయలవారిని తిరుమలలో చూడు. ఇద్దరు దేవేరుల మధ్య చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహం. అక్కడ ఛాతీ మీద బట్ట లేదు, నగలున్నాయి, నడుముకి పంచె ఉంది, తల మీద పొడుగాటి టోపీ ఉంది. ఏది నిజం అని నన్ను అడగకు. రెండూ నిజమే. ఒకటి పరదేశి ఎదుట, ఇంకొకటి దేవుడి ఎదుట. నీ పాత్ర ఎవరి ఎదుట నిలబడిందో తేల్చుకుంటే ఏం కట్టుకోవాలో అదే తెలుస్తుంది.

ఆ టోపీనే కుళ్లాయి అంటారు. పారశీకంలోని కులాహ్ మన నోట కుళ్లాయి అయింది. దాని జతగా వచ్చే కబాయి అనే పొడుగు అంగీ కూడా అరబ్బీ ఖబానే. పాయిస్ కన్నా సుమారు నూరేళ్ల ముందే శ్రీనాథుడి చాటువులో కుళ్లాయి ఉంది. కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకుంటూ, కుళ్లాయి పెట్టాను, కోక చుట్టాను, పెద్ద కూర్పాసం (చొక్కా) తొడిగాను, అయినా దయ లేదా అంటాడు. అంటే విజయనగరం కొలువులో అడుగుపెట్టాలంటే అది పెట్టుకోవలసిందే. అలవాటు లేనివాడికి అది ఎంత అసౌకర్యంగా ఉండేదో ఆ మొరలోనే వినిపిస్తుంది. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది బొమ్మల్లో కూడా పెద్దమనుషుల తలల మీద ఇదే టోపీ. బెంగళూరు నుంచి 120 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు చేతి అద్దం ఒకటి పట్టుకెళ్లు. మెడ ఎత్తి చూస్తే పది నిమిషాలకి నొప్పి పుడుతుంది. అద్దంలో చూస్తూ గంటసేపు కూర్చోవచ్చు. ఆడవాళ్ల చీరల గళ్లు, చారలు, అంచులు, కొప్పు ఏ పక్కకి వాలిందో అన్నీ నోటు పుస్తకంలో గీసుకో. గీత బాగా రాకపోయినా ఫరవాలేదు. గీస్తేనే కన్ను ఆగుతుంది, ఫోటో తీస్తే ఆగదు.

కవి మాట, పరదేశి రాత, గోడ మీది బొమ్మ మూడూ ఒక వస్తువు దగ్గర కలిశాయి కాబట్టి కుళ్లాయి గురించి ధైర్యంగా రాయొచ్చు. అయినా నాకు తృప్తి కలగలేదు. మా వారి దగ్గర పనిచేసిన టైలర్ చేత గంజి పెట్టిన గుడ్డతో మూరెడు కుళ్లాయి ఒకటి కుట్టించుకుని ఇంట్లో రెండు రోజులు పెట్టుకు తిరిగాను. మా వంటింటి గుమ్మం పొట్టిది. ప్రతిసారీ మోకాళ్లు వంచి, మెడ నిటారుగా ఉంచి దాటాల్సి వచ్చింది. చటుక్కున పక్కకి తిరగడానికి లేదు. పరుగెత్తడానికి లేదు. నెత్తిన బిందె కాదు కదా, చిన్న బుట్ట కూడా పెట్టుకోలేను. అప్పుడు అర్థమైంది, కుళ్లాయి అంటే మూట మొయ్యక్కర్లేని తల. మోసేవాడు తలగుడ్డ చుట్టుకుంటాడు, అవసరమైతే దాన్నే చుట్టకుదురు చేసుకుంటాడు. నీ కథలో ఆ కూలీ కొడుకు కొలువుకి ఎక్కే ఘట్టం ఉంది కదా, ఆ తల గురించి రెండు వాక్యాలు రాస్తే చాలు, ఇక పేజీడు ఉపోద్ఘాతం అక్కర్లేదు.

రంగుల విషయంలో ఒకసారి శ్రీకాళహస్తి వెళ్లి రా. ఇక్కణ్ణుంచి మూడు గంటల దారి. కలంకారీ పనివాళ్లు బట్టని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్లు కలిపి కుండలో రోజుల తరబడి పులియబెడతారు. మూత తీస్తే పుల్లటి వాసన ముక్కుని పొడుస్తుంది. వెదురు పుల్లకి గుడ్డ చుట్టిన కలంతో ఆ నీళ్లు ముంచి గీత గీస్తే, ముందు వెలవెలబోయిన మరకలా ఉంటుంది. చూస్తూ ఉండగానే కరక్కాయ పట్టిన గుడ్డ మీద అది నల్లబడుతుంది. నేను ఆ గీత నల్లబడడం చూస్తూ ఒక పూట కూర్చున్నాను. పటిక పట్టించిన చోట చిరివేరు ఎర్రదనం, నీలిమందు నీలం, పసుపు పచ్చదనం. ఇందులో పసుపు ఎండకి నిలవదు. కాబట్టి నీ నాయిక చీర పచ్చదనం చూసి అది కొత్తదో పాతదో ఎవరైనా చెప్పగలరు. నువ్వు ఆమెకి కట్టిన మెరిసే ఊదారంగు మాత్రం తీసెయ్యి. అలాంటి రసాయన రంగు మొదటిది 1856లో పుట్టింది.

ఇంకొక్క మాట. ఎగ్మూరు మ్యూజియం నీకు దగ్గరే కాబట్టి అమరావతి శిల్పాలు చూసి బట్టలు రాసుకుంటానన్నావు. చూడు, తప్పక చూడు. కానీ వాటికీ నీ పెనుకొండకీ మధ్య వెయ్యేళ్ల పైన దూరం ఉంది. రాయి అందంగా ఉంది కదా అని ఆ నడుం కట్టు తెచ్చి నీ నాయికకి కడితే, మన ముత్తవ్వ చీర రాయలనాటి ఆడపిల్లకి కట్టినదానికన్నా పెద్ద తప్పు. ఆ ఆవరణలోనే కన్నెమెరా లైబ్రరీ ఉంది. సురవరం ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర అక్కడ కూర్చుని చదువు. ఏ కావ్యంలో ఏ వస్తువు ఉందో దారి చూపిస్తుంది. ఆ దారిన మళ్లీ కావ్యం దాకా నువ్వే నడవాలి.

శుక్రవారం మ్యూజియానికి సెలవు, శనివారం పొద్దున్నే రా. ముందు మా ఇంటికి రా, టిఫిన్ చేసి వెళదాం. నీ రెండో అధ్యాయం తిరగరాసి తీసుకురా. ప్యాంటు వద్దు, పంచె కట్టుకుని రా. ట్రైన్ టికెట్ డబ్బులు చెరగు ముడిలో పెట్టుకో. మాంబళం స్టేషన్ కౌంటర్ దగ్గర వెనక జనం తోస్తుంటే ఆ ముడి ఎలా విప్పావో నాకు చెబుదువు గాని.

ఆశీస్సులతో,
అమ్మ