పలకలు దేని మీద కదులుతున్నాయి?

ప్రశ్న: భూపటలం, పలక అనే మాటలను చాలాచోట్ల ఒకే అర్థంలో వాడుతున్నారు. రెండూ ఒకటేనా? పలకలు కరిగిన శిలాద్రవం మీద తేలుతూ కదులుతాయని కూడా చదివాను. అది సరైనదేనా?

జవాబు: రెండూ ఒకటి కావు. భూపటలం అంటే భూమి పైపొర మాత్రమే. దాని మందం ఖండాల కింద సాధారణంగా 30 నుంచి 50 కిలోమీటర్లు, టిబెట్ పీఠభూమి కింద 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సముద్రాల అడుగున మాత్రం సుమారు 7 కిలోమీటర్లే. దాని కింద 2,900 కిలోమీటర్ల లోతు వరకు భూప్రావారం ఉంది. ఈ రెండు పొరలనూ విడదీసి చెప్పడానికి ఆధారం వాటి రసాయన కూర్పు: భూప్రావారపు శిలల్లో సిలికా తక్కువగా, మెగ్నీషియం ఎక్కువగా ఉంటుంది.

పలకను నిర్ణయించేది కూర్పు కాదు, గట్టిదనం. భూపటలమూ, దాన్ని అంటిపెట్టుకుని ఉన్న భూప్రావారపు పైభాగమూ చల్లగా, గట్టిగా ఉండటం వల్ల ఒకే రాతి చట్టులా కదులుతాయి. దీన్ని శిలావరణం అంటారు. దాని మందం చాలాచోట్ల 100 కిలోమీటర్లకు అటూ ఇటూగా, పురాతన ఖండ భాగాల కింద ఇంకా ఎక్కువగా ఉంటుంది. ఈ శిలావరణపు ముక్కలే పలకలు కనుక, పలక మందంలో ఎక్కువ భాగం భూపటలం కాదు, భూప్రావారమే.

ఇక రెండో సందేహం. భూమి లోపలి పొరల బొమ్మల్లో భూప్రావారాన్ని ఎర్రగా మరుగుతున్న ద్రవంలా చూపించడం పాఠకులకు చాలా నష్టం చేసిందని నా అభిప్రాయం. భూకంపాల్లో పుట్టే ద్వితీయ తరంగాలు ద్రవాల గుండా ప్రయాణించలేవు. అవి భూప్రావారం అంతటా సాగిపోయి, దాని కిందనున్న బాహ్య కేంద్రమండలం దగ్గరే ఆగిపోతున్నాయి. అంటే భూప్రావారం ఘనపదార్థమే, ద్రవంగా ఉన్నది బాహ్య కేంద్రమండలం. అయితే శిలావరణానికి సరిగ్గా కింద ఆస్థెనోస్ఫియర్ అనే మెత్తని భాగం ఉంది. అక్కడి శిలలు కరిగే ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటాయి. సుత్తితో కొడితే పగిలే లక్క, బరువు కింద చాలాకాలం ఉంచితే నెమ్మదిగా వంగినట్టుగా, అవి ఘనరూపంలో ఉంటూనే లక్షల సంవత్సరాల వ్యవధిలో సాగుతాయి. పలకలు కదులుతున్నది దీని మీదే. వాటిని కదిలించే బలాల్లో ముఖ్యమైనది, చల్లబడి బరువెక్కిన సముద్రపు పలక అంచు మరో పలక కిందికి దిగుతూ తన వెనుక భాగాన్ని లాగడం. మరియానా కందకం దగ్గర పసిఫిక్ పలక ఇలాగే దిగిపోతోంది.

ప్రశ్న: లోపల ఉన్నది ఘనపదార్థమైతే అగ్నిపర్వతాలకు శిలాద్రవం ఎక్కడి నుంచి వస్తోంది?

జవాబు: అక్కడక్కడ, ప్రత్యేక పరిస్థితుల్లో శిల కొంతమేరకు కరగడం వల్ల వస్తోంది. పలకలు దూరంగా జరిగే చోట అడుగునున్న వేడి శిల పైకి లేస్తుంది. దాని మీద ఒత్తిడి తగ్గుతుంది కనుక, వేడి పెరగకపోయినా కరుగుతుంది. అట్లాంటిక్ మహాసముద్రం అడుగున సాగే పర్వతాల వరుస అయిన అట్లాంటిక్ మధ్య శ్రేణి పొడవునా జరుగుతున్నది ఇదే. ఒక పలక మరోదాని కిందికి దిగే చోట కారణం వేరు: దిగే పలకలోని ఖనిజాల నుంచి విడుదలైన నీరు పైనున్న భూప్రావారంలోకి చేరి, అక్కడి శిల తక్కువ ఉష్ణోగ్రతకే కరిగేలా చేస్తుంది. జపాన్, ఆండీస్ అగ్నిపర్వతాలు ఈ కోవకు చెందినవే. భూమి లోపల ఉన్నంతవరకు శిలాద్రవాన్ని మాగ్మా అనీ, బయటికి వచ్చాక లావా అనీ పిలుస్తారు.

ప్రశ్న: ఖండ చలన సిద్ధాంతం, పలకల సిద్ధాంతం ఒకటేనా?

జవాబు: మొదటిదాని నుంచి రెండోది ఎదిగింది కానీ ఒకటి కావు. 1912లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెగెనర్ కదులుతున్నవి ఖండాలని చెప్పాడు. అవి గట్టి సముద్రపు అడుగును చీల్చుకుంటూ ఎలా సాగగలవన్న ప్రశ్నకు మాత్రం తృప్తికరమైన జవాబు దొరకలేదు. 1960లలో హ్యారీ హెస్, ఫ్రెడ్ వైన్, డ్రమండ్ మాథ్యూస్ తదితరుల కృషితో, సముద్రపు అడుగు కూడా మధ్య శ్రేణుల దగ్గర కొత్తగా పుడుతూ ఇరువైపులా జరుగుతోందని తేలింది. ఖండం దేన్నీ చీల్చుకుని పోనవసరం లేదు. అది తానున్న పలకతో పాటే కదులుతుంది. ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే అయిన ఆ కదలికను నేడు ఉపగ్రహాల ఆధారంగా పనిచేసే జీపీఎస్ కేంద్రాలతో నేరుగా కొలుస్తున్నారు.