సాగు సందేహాలు: కోస్టారికా తోటల్లో ఏం చూడాలి?

ప్రశ్న: నేను వ్యవసాయ బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాకు కోనసీమలో మూడెకరాల కొబ్బరితోట ఉంది, అందులో అంతరపంటగా కోకో వేశాం. ఉష్ణమండల సుస్థిర సేద్యంపై మూడు వారాల అధ్యయన యాత్రకు కోస్టారికా వెళ్లే అవకాశం వచ్చింది. తురియాల్బా, గ్వాసిమో ప్రాంతాల్లో ఉంటాం. కొబ్బరి కింద కోకో మన దగ్గరే ఉండగా అంత దూరం వెళ్లి కొత్తగా చూసేదేముందని మా నాన్నగారి సందేహం. వెళితే మాత్రం అక్కడి మేలురకం కోకో కాయలు నాలుగు తెమ్మని, నారు పోసుకుందామని అంటున్నారు. అక్కడ నేను ఏయే విషయాలపై దృష్టి పెట్టాలి?
– ఒక విద్యార్థిని, అంబాజీపేట

జవాబు: ముందుగా కాయల సంగతి. మీ నాన్నగారి కోరిక రైతుగా సహజమైనదే, అయినా దయచేసి ఒక్క కాయ కూడా తీసుకురావద్దు. 1978లో మొనీలియా అనే శిలీంద్రపు తెగులు కోస్టారికా కోకో తోటల్లోకి ప్రవేశించింది. కొన్నేళ్లు తిరగకుండానే కరీబియన్ తీరంలో దిగుబడి కుప్పకూలి, ఎందరో రైతులు తోటలు వదులుకున్నారు. ఈ తెగులు సోకిన కాయను మీరు అక్కడ దగ్గరగా చూస్తారు. మొదట కాయపై ఉబ్బులు వస్తాయి, తరువాత గోధుమరంగు మచ్చ పరుచుకుంటుంది, ఆ పైన కొద్ది రోజులకే తెల్లని పొర ఏర్పడి మీగడ రంగు పొడిగా మారుతుంది. కాయను కాస్త కదిపినా జల్లెడ పట్టిన పిండిలా ఆ పొడి గాలిలోకి లేస్తుంది. అదంతా తెగులును వ్యాపింపజేసే సిద్ధబీజాలే (శిలీంద్రపు విత్తనాల వంటివి). ఈ తెగులు మన దేశంలో లేదు. దేశంలో కోకో అత్యధికంగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే కనుక, అది ఇక్కడికి చేరితే మొదట నష్టపోయేది మీ ఇంటి చుట్టుపక్కల రైతులే. కాయలు, గింజలు, మట్టి ఏవీ వద్దు. పొలంలో తిరిగిన బట్టలను, బూట్లను అక్కడే శుభ్రంగా ఉతికి, కడిగి, ఆరబెట్టుకొని బయలుదేరండి. మొక్కల దిగుమతికి మన దేశంలో 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు అమలులో ఉంది. కోకో మొక్కల పదార్థాన్ని దేశాల మధ్య సురక్షితంగా పంపడానికి బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో ప్రత్యేక క్వారంటైన్ కేంద్రమే ఉంది. మేలురకాలు రావలసింది ఆ దారిలోనే.

ఇదే జాగ్రత్తను కోస్టారికా వారు మీ విషయంలోనూ తీసుకుంటారు. గ్వాసిమోలోని ఎర్త్ విశ్వవిద్యాలయం 1990 నుంచి విద్యార్థులకు పొలంలోనే పాఠాలు చెబుతోంది, దానికి సొంత అరటితోట కూడా ఉంది. అరటికి సోకే పనామా తెగులులోని కొత్త రకం 2019లో కొలంబియాలో బయటపడినప్పటి నుంచి ఆ ప్రాంతపు తోటల వారు పరాయి మట్టిని దగ్గరికి రానివ్వడం లేదు. బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో ఆ రకం ఇప్పటికే కనిపించింది కనుక, భారతదేశం నుంచి వచ్చినవారి బూట్లను మందునీళ్లలో ముంచమంటే నొచ్చుకోవలసిన పనిలేదు.

ఇక మీ నాన్నగారి అసలు సందేహానికి వస్తాను. చూసేది చాలా ఉంది. మీ తోటలో కోకోకు నీడనిచ్చేది కొబ్బరి. ఆ నీడను పెంచడం, తగ్గించడం మీ చేతిలో లేదు. తురియాల్బాలో కాఫీకి నీడనిచ్చేది పోరో అనే చెట్టు. మన తమలపాకు తోటల్లోని అవిశె మాదిరిగానే అది కూడా వేళ్లలో నత్రజనిని స్థిరీకరించే జాతి. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు దాని కొమ్మలను నరికి, ఆకులతో సహా కాఫీ మొక్కల మధ్యే పరుస్తారు. అంటే పంటకు ఎండ కావలసినప్పుడు నీడను తొలగిస్తారు, తొలగించిన నీడే ఎరువవుతుంది. అక్కడి కాతియే పరిశోధన సంస్థ 2000లో మొదలుపెట్టిన ప్రయోగక్షేత్రంలో పూర్తి ఎండలో పెరిగే కాఫీని, రకరకాల నీడచెట్ల కింది కాఫీని, రసాయన ఎరువులతోనూ సేంద్రియ పద్ధతిలోనూ పక్కపక్కనే సాగుచేస్తూ రెండు దశాబ్దాలకు పైగా లెక్కలు రాస్తున్నారు. నా దృష్టిలో మీ యాత్రలో అన్నిటికన్నా విలువైనది ఈ క్షేత్రమే. ఏ మడిలో ఎంత దిగుబడి వచ్చిందనే అంకెతో ఆగకండి. కొమ్మలు నరకడానికి ఎన్ని కూలిదినాలు పట్టాయి, ధర పడిపోయిన ఏడు ఏ మడి తట్టుకుంది, 2012–13లో మధ్య అమెరికా అంతటా ఆకుతుప్పు తెగులు విజృంభించినప్పుడు నీడలోని కాఫీ ఎలా ఉంది అని అడగండి. మొనీలియాను తట్టుకునే కోకో రకాలను రూపొందించింది కూడా ఈ సంస్థే; కాయలకు తెగులును కావాలని అంటించి, ఏళ్ల తరబడి ఏరి, వాటిని ఎలా నిలబెట్టారో తెలుసుకోండి.

కోస్టారికాను పచ్చని దేశంగా చూపే బొమ్మ ఒక్కదాన్నే చూసి రావద్దని నా విన్నపం. 1996 నాటి అటవీ చట్టంతో, ఇంధనంపై పన్నులో కొంత భాగాన్ని చెట్లు కాపాడిన రైతులకు చెల్లిస్తూ వచ్చిన దేశమది. ఇది నిజంగా మెచ్చుకోదగిన పని. అయితే తాజా అనాసపండ్ల ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానమూ దానిదే. ఆ తోటల్లో వాడిన బ్రొమాసిల్ అనే కలుపుమందు భూగర్భ జలాల్లో చేరడంతో, సికిరెస్ ప్రాంతంలోని కొన్ని ఊళ్లు ఏళ్ల తరబడి ట్యాంకర్ల నీళ్లు తాగవలసి వచ్చింది. 2017లో గానీ ఆ మందును నిషేధించలేదు. గ్వాసిమో నుంచి సికిరెస్ దగ్గరే. వీలైతే ఆ ఊళ్లవారితో మాట్లాడించమని మీ యాత్ర నిర్వాహకులను అడగండి. కాఫీ కోతలకు పనామా నుంచి వచ్చే ఎన్గాబే ఆదివాసులకు, నికరాగువా కూలీలకు గంపకు ఎంత ఇస్తారో కూడా రాసుకోండి. కూలీ బతుకును లెక్కలో చేర్చని సేద్యాన్ని సుస్థిరమని నేను ఒప్పుకోలేను.

మీరు ఉత్తచేతులతో వెళ్లడం లేదని కూడా గుర్తుంచుకోండి. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్య కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ పురస్కారం దక్కింది. దాని గురించి వారు తప్పక అడుగుతారు. చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు ప్రకృతి సేద్యపు రైతులతో ముందే మాట్లాడి ఉంటే మీ జవాబుకు బలం ఉంటుంది.

బయలుదేరే ముందు ఒక వారం మీ తోటలోనే గడపండి. పది కోకో చెట్లకు గుర్తులు పెట్టి, ఒక్కోదానికి ఎన్ని కాయలున్నాయో, ఎన్ని కుళ్లాయో, మధ్యాహ్నం పన్నెండుకు ఎంత మేర ఎండ పడుతోందో, నేలమీద ఆకు ఎన్ని అంగుళాల మందాన ఉందో రాసుకోండి. తురియాల్బా తోటలోనూ అవే కొలతలు తీసుకోండి. రెండు పట్టికలను పక్కపక్కన పెడితే మీ నాన్నగారి ప్రశ్నకు నాకన్నా మీరే బాగా జవాబు చెప్పగలుగుతారు. అక్కడి కూలీలు, రైతులు మాట్లాడేది స్పానిష్. నీడను సోంబ్రా అని, కొమ్మల కత్తిరింపును పోదా అని, కోకో కాయను మసోర్కా అని అంటారు. ఈ మూడు మాటలతో మొదలుపెట్టి మరికొన్ని నేర్చుకొని వెళ్లండి.