చిన్న పిస్టల్ ఎంత చిన్నదై ఉండాలి?

ప్రశ్న: మాస్టారూ, డాలస్ దగ్గర నాకు గ్యాస్ స్టేషన్, దాన్నానుకుని స్టోర్ ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చింది. రాత్రి పదకొండింటికి షాపు కట్టేసి క్యాష్ తీసుకుని ఒక్కడినే ఇంటికొస్తాను. షర్టు కింద కనపడకుండా పెట్టుకునే బుల్లి పిస్టల్ చెప్పండి. గన్ షాపులో రూగర్ ఎల్‌సీపీ చూపించారు, జేబులో పట్టేస్తోంది. పగలు మా ఆవిడ కౌంటర్‌లో ఉంటుంది. ఇద్దరికీ ఒకటే సరిపోతుందా?

జవాబు: ఎల్‌సీపీని చేతిలోకి తీసుకుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. తూటాలు లేకుండా పావుకిలో పైచిలుకు, అంతే. కానీ పిట్ట కొంచెం, కూత ఘనం. పిస్టల్‌కి బరువు లేకపోతే పేలినప్పటి దెబ్బంతా అరచేతికే తగులుతుంది. దాని పిడి మీద రెండు వేళ్లే కుదురుగా ఆనుతాయి, చిటికెన వేలికి చోటుండదు. కాల్పుల ప్రాక్టీస్ చేసే రేంజ్‌లో నేను రోజూ చూసేది ఇదే: మొదటి మ్యాగజైన్, అంటే పిడిలో పెట్టే తూటాల అర, ఖాళీ అయ్యేసరికి మనిషి చెయ్యి విదిలించుకుంటాడు. రెండో దానికి, పేలకముందే కళ్లు మూసుకుని మణికట్టు కిందికి నొక్కేస్తాడు. కుడిచేతి వాటం వాళ్లయితే గుండ్లన్నీ టార్గెట్‌లో కిందికి, ఎడమకి పోతాయి. యాభై తూటాల డబ్బా పూర్తిచేసే ఓపిక ఉండదు. ఇక ప్రాక్టీస్‌కి వచ్చేదెవరు? జేబులో పట్టడం ఒక్కటే చూసి కొంటే జరిగేది ఇదే.

ఒక్క మెట్టు పైకి రండి. 2018లో సిగ్ సావర్ పీ365 వచ్చాక ఈ సైజు పిస్టళ్ల లెక్కే మారిపోయింది. అంతకుముందు ఇంత సన్నటివాటిలో ఆరో ఏడో తూటాలు పట్టేవి. గ్లాక్ 43లో ఆరే. పీ365 మ్యాగజైన్‌లో పది పడతాయి, బరువు అరకిలో. మరుసటి ఏడాదే గ్లాక్ 43ఎక్స్, స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్ వచ్చాయి. అన్నీ 9 ఎంఎం తూటావే. మీకు పెద్ద అరచేయి అయితే 43ఎక్స్ పిడి పొడుగ్గా ఉంటుంది, ముందు దాన్నే పట్టుకుని చూడండి. గ్లాక్ 19 ఇంకా హాయిగా పేలుతుంది, పదిహేను తూటాలు. కానీ టీషర్టు వేసుకునే సన్నటి మనిషి దాన్ని దాచలేడు.

దాచడం దగ్గర చాలామంది బ్యారెల్ పొడుగు చూస్తారు. బ్యారెల్ ప్యాంటు లోపలికి పోతుంది, దానితో ఇబ్బంది లేదు. బయటపడేది పిడి. మీరు కింది అరలో డ్రింకు కేసులు సర్దడానికి వంగుతారు, పై షెల్ఫ్‌లో సిగరెట్ పెట్టెలకి చెయ్యి చాపుతారు. అప్పుడు షర్టు పైకి లేస్తుంది, లేదా పిడి ఆకారం గుడ్డ మీద ఎత్తుగా తేలుతుంది. అందుకని కొన్నాక తూటాలు తీసేసి, ఒకటికి రెండుసార్లు ఖాళీగా ఉందని చూసుకుని, ఇంట్లో అద్దం ముందు షాపు పనులన్నీ చేసి చూడండి. కొనకముందు మాత్రం రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చి చూడాల్సిందే. ఇంటర్నెట్ వీడియోలు చూసి మీ చేతికేది నప్పుతుందో ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

ఇద్దరికీ ఒకటే అన్నారు. కుదరదు. గన్ షాపుల్లో ఆడవాళ్లు కనపడగానే గులాబీ పిడి ఉన్న చిన్న రివాల్వర్ తీసి చూపిస్తారు, నాకు ఒళ్లు మండుతుంది. అందులో ఐదే తూటాలు, ట్రిగ్గర్ బండలాగా గట్టి. తూటా ఎక్కించడానికి వెనక్కి లాగే పిస్టల్ పైభాగాన్ని స్లైడ్ అంటారు. ఆవిడకి ఆ స్లైడ్ లాగడం కష్టమైతే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజెడ్ చూపించండి. పేరుకి తగ్గట్టే స్ప్రింగ్ మెత్తగా ఉంటుంది. 2018లో 380 అనే, 9 ఎంఎం కన్నా బలం తక్కువున్న తూటాకి, 2020లో 9 ఎంఎంకి వచ్చింది. స్లైడ్‌ని బొటనవేలూ చూపుడువేలూ పెట్టి గిల్లినట్టు లాగొద్దని చెప్పండి. నాలుగు వేళ్లూ పైనుంచి వేసి గట్టిగా పట్టుకుని, పిడి ఉన్న చేత్తో పిస్టల్‌ని ముందుకు తోయాలి. చాలామందికి సగం సమస్య అక్కడే తీరిపోతుంది. ఇంకో సంగతి, చుడీదార్‌కి బెల్టు ఉండదు. హోల్‌స్టర్, అంటే పిస్టల్ పెట్టుకునే ఒర, దేనికి తగిలిస్తారో ఆవిడనే అడగండి. ఆ జవాబుని బట్టే పిస్టల్ సైజు తేలుతుంది.

హోల్‌స్టర్ దగ్గర పిసినారితనం వద్దు. వంద డాలర్ల దాకా దానికి, గట్టి బెల్టుకి తీసి పక్కన పెట్టుకోండి. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌ది, ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పేది కొనండి. మెత్తటి గుడ్డ సంచులు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. గ్లాక్‌లాంటి వాటికి బయట సేఫ్టీ మీట ఉండదు. పిస్టల్ లోపల పెట్టేటప్పుడు షర్టు అంచు ట్రిగ్గర్‌లో ఇరుక్కుంటే పేలుతుంది, పేలితే మీ తొడే. తీసేటప్పుడు తొందర ఉండొచ్చు, పెట్టేటప్పుడు ఉండకూడదు. కళ్లతో చూస్తూ నెమ్మదిగా పెట్టండి.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, చట్టపరమైన అడ్డంకులు లేనివాళ్లు లైసెన్సు లేకుండానే పెట్టుకోవచ్చు. అయినా లైసెన్సు తీసుకోండి. క్లాసులో చట్టం చెబుతారు, యాభై తూటాల పరీక్ష ఉంటుంది, చాలా పక్క రాష్ట్రాల్లో చెల్లుతుంది. లైసెన్సు ఉన్నా సరే, తలుపు మీద 30.06 బోర్డు, అంటే దాచిన పిస్టల్‌తో రావద్దని చెప్పే టెక్సస్ చట్టపు బోర్డు, కనిపిస్తే లోపలికి తీసుకెళ్లకూడదు. అది రెస్టారెంటైనా గుడైనా ఒకటే.

క్యాష్ సంగతి కూడా. రోజూ ఒకే టైముకి, ఒకే దారిలో ఇంటికి మోయొద్దు. షాపులోనే డ్రాప్ సేఫ్, అంటే చీలికలోంచి డబ్బు లోపల వేసే ఇనప్పెట్టె, పెట్టించండి. గల్లాపెట్టె కోసం ఎవడైనా వస్తే ఇచ్చి పంపేయండి.

ప్రశ్న: నాది హెచ్-1బీ. ఫ్రెండ్ పిస్టల్‌తో రేంజ్‌లో సరదాగా కాల్చొచ్చా? కొనకపోతే పర్లేదంటున్నారు.

జవాబు: పర్లేదన్నవాళ్లు మీ లాయర్ ఫీజు కట్టరు. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. కొనడం ఒక్కటే కాదు, రేంజ్‌లో చేతిలోకి తీసుకోవడమూ అందులోకే వస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. దాని మీద ఆధారపడేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి. హెచ్-4, ఎఫ్-1 వాళ్లకీ ఇదే.

ప్రశ్న: అన్నయ్యగారూ, నేను పిస్టల్ హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంటాను. మా బాబుకి రెండేళ్లు. వచ్చే నెల హైదరాబాద్ వెళ్తున్నాం, పిస్టల్ ఇంట్లో సేఫ్‌లో పెట్టి వెళ్తాం. జాగ్రత్తలు చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు దాన్ని బ్యాగ్‌లోంచి తీసేయండి. 2014 డిసెంబరులో ఐడహోలోని ఒక వాల్‌మార్ట్‌లో, తల్లి బ్యాగ్‌లోని పిస్టల్ రెండేళ్ల కొడుకు చేతికి చిక్కింది. ఆమె అక్కడికక్కడే చనిపోయింది. ఆ బ్యాగ్ కూడా పిస్టల్ కోసం అర కుట్టినదే. టెక్సస్‌లో అయితే అజాగ్రత్తగా వదిలిన తూటాలున్న తుపాకీ పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే అది నేరం కూడా. ఒంటి మీద ఉండాలి, లేదా తాళంలో ఉండాలి.

ప్రయాణానికి ఆ బ్యాగ్ వాడొద్దు. అడుగున, లైనింగ్ చిరుగులో మర్చిపోయిన ఒక్క తూటా చాలు, మన దేశంలో ఎయిర్‌పోర్టు స్కానర్‌లో పడితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. మర్చిపోయానంటే అక్కడికక్కడ వదిలేయరు. తిరుగు ప్రయాణం ఆగిపోతుంది, కోర్టు చుట్టూ తిరగాలి. మీవారి ల్యాప్‌టాప్ బ్యాగ్, రేంజ్‌కి వేసుకెళ్లే జాకెట్ జేబులు కూడా బోర్లించి దులిపి చూడండి. ఊరికి మాత్రం కొత్త బ్యాగ్ కొనుక్కోండి.